నాన్నకు పాటలు ఎక్కించిన రాత్రి

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు. రిటైరయ్యాక తెలిసింది, ఆయనకు నీటికాసులు ఉన్నాయని. డాక్టర్లు గ్లకోమా అంటారు. ఇందులో చూపు ముందు పక్కల నుంచి తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి చాలాకాలం అనుమానమే రాదు. తెలిసేసరికి పోయిన చూపు పోయినట్టే, తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవడానికే చుక్కల మందు. ఇప్పుడు నాన్నకు వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా మనిషి ఉంటే ఆకారం తెలుస్తుంది. ఫోన్ స్క్రీన్ మీద ఏముందో మాత్రం తెలియదు.

"ఫోన్‌కి నోటితో చెబితే పాట పెడుతుంది కదా" అంటారేమో. నేనూ అదే అనుకుని నేర్పించాను. కానీ రాత్రి రెండింటికి నిద్రపట్టక లేచిన మనిషి, పక్కన అమ్మ పడుకుని ఉంటే, ఫోన్‌తో గట్టిగా ఎలా మాట్లాడతాడు? ఆ సంగతి నాకు తట్టలేదు. టచ్ స్క్రీన్ ఎక్కడ తడిమినా ఒకేలా ఉంటుంది. పాట ఆపబోతే ఎవరికో ఫోన్ వెళ్లిపోయేది. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి మా మేనత్తకు వీడియో కాల్ వెళ్లింది. ఆవిడ హడలిపోయి, ఏం జరిగిందో అని అందర్నీ లేపేసింది. ఆ తర్వాత నాన్న ఫోన్ ముట్టుకోవడం మానేశారు.

అందుకే ఎంపీత్రీ ప్లేయర్ కొన్నాను. అవును, ఈ రోజుల్లో కూడా దొరుకుతున్నాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఐదు బటన్లు, ఐదూ వేలికి తగిలేలా పైకి ఉబ్బి ఉంటాయి. పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే సందు. దానికోసం ఆన్‌లైన్‌లో 64 జీబీ కార్డు ఆర్డర్ పెట్టాను. మిగతా వాటికంటే బాగా తక్కువ ధరకు వస్తోందని సంబరపడ్డాను కూడా. ఆ సంబరం సంగతి తర్వాత చెబుతాను.

శుక్రవారం రాత్రికి తెనాలి చేరాను. ఆదివారం రాత్రి మళ్లీ హైదరాబాద్ రైలు. ఈలోగా పాటలు ఎక్కించి, నాన్నకు బటన్లు అలవాటు చేసి వెళ్లాలని ప్లాను. పాటలు ఎక్కించడం ఎంతసేపు? పైగా ఆఫీసులో నా పనే అది. సిస్టమ్ స్లో అయితే ఎందుకు అయిందో కనిపెట్టడం. దానికే జీతం ఇస్తారు.

ఆఫీసు లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌లు, కార్డులు పెట్టనివ్వరు. అందుకని బీటెక్‌లో చేరినప్పుడు 2014లో కొన్న పాత లాప్‌టాప్ బీరువా మీంచి దింపాను. మా ఇంటి పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇన్నేళ్లూ పోగేసినవి మొత్తం ఆరువేల ఫైళ్లు, దాదాపు 30 జీబీ. వాటితో పాటు ఇంకో ఫోల్డర్ ఉంది. దాని పేరు 'పెదనాన్న'.

మా పెదనాన్న పద్యనాటకాల మనిషి. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో నాటకం ఒకప్పుడు ఎంత పెద్ద సంగతో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. శివరాత్రి వచ్చిందంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఎక్కడో ఒకచోట పడాల్సిందే. ఆ నాటకం మొత్తానికి ప్రాణం కాటి సీను. అందులో జాషువా గారి శ్మశానం పద్యాలు కూడా కలిపి పాడతారు. మా పెదనాన్న హరిశ్చంద్రుడి వేషం వేసేవారు. ఒక శివరాత్రికి నాన్న డ్యూటీ మార్పించుకుని వెళ్లి, టేప్ రికార్డర్ పెట్టి మొత్తం నాటకం రికార్డు చేశారు. మూడు తొంభై నిమిషాల క్యాసెట్లు, ఆరు సైడ్లు. పెదనాన్న పోయాక గుంటూరులో ఒక స్టూడియోలో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాం. అప్పటికే టేపులకు బూజు పట్టి ఉంది. మూడో క్యాసెట్ చివర్లో తెగిపోయింది కూడా. "ఇవి ఇంకోసారి ఆడవండీ" అని స్టూడియో అతను ముందే చెప్పాడు.

రాత్రి పదిన్నరకు ప్లేయర్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపాను. ఇంట్లో ఉన్న మొదటి కేబుల్‌కి ప్లేయర్ ఛార్జ్ అవుతోంది కానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి. వాటిలో డేటా వెళ్లే తీగలు ఉండవు. ఇంకో కేబుల్ వెతికి పెట్టాక ప్లేయర్ కనిపించింది. పాటల ఫోల్డర్ కాపీ చేసి కార్డులో పేస్ట్ కొట్టాను. వేగం సెకనుకు 25 ఎంబీ అని చూపించింది. భేష్ అనుకునేలోపే 6కి పడింది. తర్వాత 2. చివరికి 0.8 దగ్గర కూర్చుంది. పక్కన 'ఇంకా 10 గంటలు' అని.

మొదట కనిపించే ఆ 25ని చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది కార్డులోకి వెళ్తున్న వేగం కాదు. కంప్యూటర్ కొంత డేటాను తన ర్యామ్‌లోకి తీసుకుని, అయిపోయినట్టే చూపిస్తుంది. ఆ గిన్నె నిండాక అసలు వేగం బయటపడుతుంది.

ఆఫీసులో జూనియర్లకు నేనే చెబుతుంటాను, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి అని. ఇంట్లో ఏం చేశానంటే యాంటీవైరస్ ఆపేశాను, కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, అన్నీ ఒకేసారి. వేగం 0.8 నుంచి 0.9 అయింది. ఆ పాయింట్ ఒకటి దేనివల్ల వచ్చిందో దేవుడికే తెలియాలి.

అప్పుడు కాస్త కుదురుగా కూర్చుని లెక్క వేశాను. యూఎస్‌బీ 2.0 వేగం 480 ఎంబీపీఎస్ అంటారు. ఇక్కడ 'బీ' అంటే బైట్ కాదు, బిట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే సెకనుకు 60 ఎంబీ. అదీ కాగితం మీద. నిజంగా అందేది 30, 40 దగ్గర ఉంటుంది. దానికంటే పాత పద్ధతి ఒకటుంది, 12 ఎంబీపీఎస్‌ది. ఎనిమిదితో భాగిస్తే 1.5. నిజంగా చేతికొచ్చేది 1 ఎంబీ అటూ ఇటూ. నాకు వస్తున్న 0.8 దీనికి అతికినట్టు సరిపోతోంది. అంటే మధ్యలో ఎవరో పాత పద్ధతిలో మాట్లాడుతున్నారు. పోర్టు మార్చినా తేడా లేదు, కేబుల్ మార్చినా లేదు. ఇక మిగిలింది ప్లేయరే. చవక ప్లేయర్లలో ఉండే చిప్‌కి పాట పాడటానికి ఆ వేగం చాలు కదా.

అయితే ప్లేయర్‌ను మధ్యలోంచి తప్పిస్తే సరి. కార్డు బయటికి తీసి, అడాప్టర్‌లో పెట్టి, లాప్‌టాప్‌కి ఉన్న కార్డు సందులో దూర్చాను. సెకనుకు 9 ఎంబీ! పది గంటల పని గంటకు దిగింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ప్లేయర్ ఉంటే, లేదా కారు స్టీరియోకి కార్డు వాడుతుంటే, ముందు చేయాల్సింది ఇదే. కార్డు తీసి నేరుగా కంప్యూటర్‌లో పెట్టండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

"ఏమే, ఇంకా పడుకోలేదా?" అని అమ్మ వచ్చి చూసింది.

"అయిపోయిందమ్మా, గంటలో ఎక్కేస్తాయి."

అన్నానో లేదో వేగం మళ్లీ పడిపోయింది. 9, తర్వాత సున్నా. కాసేపాగి 3, మళ్లీ సున్నా. కార్డు ఊపిరి బిగబట్టి వదులుతున్నట్టు ఉంది.

దీనికీ నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. ఫ్లాష్ మెమరీలో ఒక చిన్న ముక్క మార్చాలన్నా నేరుగా దాని మీదే రాయలేం. ముందు ఒక పెద్ద గడి మొత్తం తుడవాలి. పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి మళ్లీ రాసుకున్నట్టు. ఆరువేల పాటలు, వాటితో పాటు ఆల్బమ్ బొమ్మలు, ఇంకా ఏవేవో చిల్లర ఫైళ్లు. ఒక్కో ఫైలు రాసినప్పుడల్లా కార్డులోని చిట్టా పట్టీని కూడా దిద్దాలి. ఒక పెద్ద ఫైలు కంటే వెయ్యి చిన్న ఫైళ్లు ఎప్పుడూ ఆలస్యమే. ఇదంతా నిజమే. నాకు తెలిసిన కారణం ఒకటి దొరికింది కాబట్టి, తెలియని కారణం ఇంకోటి ఉందేమో అని వెతకలేదు. చిన్న ఫైళ్ల వల్లేలే, తెల్లారేసరికి ఎక్కేస్తాయి అనుకున్నాను.

పడుకోబోయే ముందు 'పెదనాన్న' ఫోల్డర్‌ను కూడా ఆ వరసలో పెట్టాను. పాత లాప్‌టాప్‌లో జాగా దాదాపు నిండిపోయింది. అందులో ఉన్న ఆరు ఫైళ్లూ పెద్దవి. స్టూడియో అతను వేవ్ ఫైళ్లుగా ఇచ్చాడు. ఆ రకం నిమిషానికి 10 ఎంబీ తింటుంది. 45 నిమిషాల సైడ్ అంటే ఒక్కొక్కటీ 450 ఎంబీ. ఎలాగూ కార్డులోకి వెళ్తున్నాయి కదా అని కాపీ కాకుండా కట్ కొట్టాను. కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ వీ. రెండు వేళ్ల పని.

శనివారం పొద్దున లేచేసరికి స్క్రీన్ మీద ఏ గొడవా లేదు. అంతా ఎక్కేసింది. ఎర్రర్ అన్న మాటే లేదు. కార్డు తెరిస్తే అన్ని ఫోల్డర్లూ, అన్ని పేర్లూ, సైజులతో సహా ఉన్నాయి.

కాఫీ తాగాక నాన్న చేతిలో ప్లేయర్ పెట్టాను. ఇది పాడించేది, ఇది ముందుకి, ఇది వెనక్కి, ఇవి సౌండ్‌వి. గేరు రాడ్ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకున్నారు. ఘంటసాల పాట వచ్చింది. నాన్న ముఖం చూసి అమ్మ నవ్వింది. నాలుగు పాటలయ్యాక అడిగారు.

"మీ పెదనాన్నది ఏదమ్మా?"

నేను ఆ ఫోల్డర్‌కి వెళ్లి పెట్టాను. ఏమీ రాలేదు. ప్లేయర్ ఒక క్షణం ఆగి తర్వాతి దానికి దూకింది. అక్కడా ఏమీ లేదు. ఆరు ఫైళ్లూ అంతే. కార్డు మళ్లీ లాప్‌టాప్‌లో పెట్టి అక్కడ ఆడించాను. పేరుంది, 450 ఎంబీ అని సైజు ఉంది, లోపల శబ్దం లేదు. పాటల్లో కూడా మొదటి వెయ్యిన్నర దాకా పాడుతున్నాయి. ఆ తర్వాత అన్నీ మూగవే.

సరే, మళ్లీ ఎక్కిద్దాం అని లాప్‌టాప్‌లో పాత ఫోల్డర్ తెరిచాను. ఖాళీ.

కట్ కొట్టినప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుందంటే, ముందు అక్కడ కాపీ రాస్తుంది. రాశానని కార్డు చెప్పగానే ఇక్కడ అసలుది తీసేస్తుంది. కార్డు రాశానని చెప్పింది. కంప్యూటర్ నమ్మింది. కార్డు చెప్పింది అబద్ధం.

తర్వాత పరీక్షిస్తే తేలింది, అది 64 జీబీ కార్డు కాదు. లోపల నిజంగా ఉన్నది 8 జీబీ లోపే. 64 ఉందని కంప్యూటర్‌కి చెప్పేలా దాని చిప్‌ను మార్చి, పైన అచ్చు వేసి అమ్మేశారు. అసలు జాగా నిండాక వచ్చిన డేటాను తీసుకున్నట్టే తీసుకుని పారబోస్తుంది. ఇలాంటి నకిలీ కార్డులను పట్టుకోవడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని విండోస్‌కి ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. లినక్స్ వాడేవాళ్లకు ఎఫ్3 ఉంది. కార్డు నిండా ఏదో ఒకటి రాసి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తాయి. కొత్త కార్డు కొన్నాక ఆ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఈ కథే లేదు. నకిలీ కార్డులన్నీ నెమ్మదిగా ఉండవు, నెమ్మదిగా ఉన్నవన్నీ నకిలీవీ కావు. కానీ రాత్రి ఆ కార్డు ఊపిరి బిగబట్టినప్పుడు నేను ఆపి, ఎక్కినవాటిలో ఒక పాట తెరిచి చూసినా చాలు, దొరికిపోయేది.

స్టూడియో అతనికి ఫోన్ చేశాను. పాత ఫైళ్లు ఎప్పటికప్పుడు తీసేస్తాడట. ఆయన ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను నేనే తుడిచేసి వేరే పనికి వాడుకున్నాను. నా చేతులు చల్లబడ్డాయి. నాన్న మంచం మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. చెప్పాలా, సర్దుబాటు చేసి తర్వాత చెప్పాలా అని ఒక నిమిషం ఆలోచించాను. ఆయనకు నా ముఖం కనిపించదు. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. చెప్పేశాను.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రాత్రి ఎక్కడన్నా తేడాగా అనిపించిందా?" అని అడిగారు.

"వేగం పడిపోతూ ఉంది నాన్నా. మామూలేలే అనుకున్నా."

"బండి పికప్ తగ్గిందంటే కొత్త డ్రైవర్లు ఏం చేస్తారో తెలుసా? యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు. అదొక్కటే తెలుసు కాబట్టి. దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడాలమ్మా. ఒక్కోసారి ఎక్కడో బ్రేక్ పట్టేసి ఉంటుంది. డ్రమ్ము కాలిపోతుంటుంది. బండి వెళ్లలేనని చెబుతుంటే మనం తొక్కుతుంటాం."

తిట్టినా బాగుండేది. నేను చేసింది సరిగ్గా అదే. పది గంటలు అన్నప్పుడు దాన్ని గంట చేయడం ఎలా అని చూశానే తప్ప, అది ఎందుకు మొరాయిస్తోందని అడగలేదు.

ఇక వెతుకులాట మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో ఫైలు తీసేయడం అంటే పుస్తకంలో పేజీ చించడం కాదు. విషయసూచికలో దాని పేరు కొట్టేయడం. పేజీ అక్కడే ఉంటుంది, ఇంకెవరైనా వచ్చి దాని మీద రాసేవరకు. అందుకని మొదట చేయాల్సింది ఆ కంప్యూటర్ వాడకం ఆపడం. ఏదీ డౌన్‌లోడ్ చేయకూడదు, ఇన్‌స్టాల్ చేయకూడదు. నా అదృష్టం ఏమిటంటే అది పాత లాప్‌టాప్, పాతకాలపు హార్డ్ డిస్క్. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీ అయితే, తీసేసిన చోటును తనంతట తానే శుభ్రం చేసేస్తుంది. అందులో దొరకడం చాలా కష్టం.

ఎదురింట్లో డిగ్రీ చదివే కుర్రాడి దగ్గరికి వెళ్లి, వాడి లాప్‌టాప్‌లో ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాను. పేరు ఫోటోరెక్ అయినా ఫోటోలే కాదు, చాలా రకాల ఫైళ్లు వెతుకుతుంది. పేర్లతో పని లేకుండా, డిస్క్ అంతా గాలించి, వేవ్ ఫైలు మొదలయ్యే గుర్తు ఎక్కడుందో చూసి అక్కడి నుంచి పట్టుకొస్తుంది. దొరికినవాటిని కూడా అదే డిస్క్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లోకే తీసుకోవాలి. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో నేను లేచి ఫ్యాన్ వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఈసారి ఎంత స్లోగా వెళ్తున్నా నాకు తొందర లేదు.

ఐదు సైడ్లు వచ్చాయి, నిండుగా. ఆరోది మొదటి పదకొండు నిమిషాలు వచ్చింది. తర్వాత గరగరమని చప్పుడు. జాగా లేక ఆ ఫైలు డిస్క్‌లో రెండు మూడు చోట్ల ముక్కలుగా ఉండి ఉంటుంది. ఈ ప్రోగ్రాం మొదటి ముక్క దగ్గర మొదలుపెట్టి, పక్కనే ఉన్నదాన్ని అదే అనుకుని పట్టుకొచ్చింది. మిగతా ముక్క ఇంకోలా ప్రయత్నించినా దొరకలేదు. ఆరో సైడ్‌లోనే కాటి సీను ఉంది.

సాయంత్రం బజారుకెళ్లి తెలిసిన షాపులో 32 జీబీ కార్డు కొన్నాను. బిల్లు తీసుకున్నాను. ఇంటికొచ్చి ముందు పరీక్ష పెట్టాను. గంటకు పైగా పట్టింది. 32కి 32 సరిగ్గా ఉంది.

మళ్లీ ఆరువేల పాటలు ఎక్కించబోతుంటే నాన్న అన్నారు, "ఇన్ని పాటలు నాకెందుకమ్మా? పొద్దున చూశాగా, కావలసింది రావాలంటే ఎన్నిసార్లు నొక్కాలో."

నిజమే. స్క్రీన్ చూసి వెతుక్కునే నాకు ఆరువేలంటే గొప్ప. బటన్ నొక్కుతూ వెళ్లే మనిషికి అది అడవి. "అయితే ఏవి కావాలో చెప్పు నాన్నా" అన్నాను. గోడకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టారు. నేను రాసుకున్నాను. రెండొందల పది పాటలు తేలాయి. డ్యూటీలో నైట్ హాల్ట్‌లో విన్నవి, పెళ్లయిన కొత్తలో అమ్మతో హాల్లో చూసిన సినిమాలవి, నేను చిన్నప్పుడు మళ్లీ మళ్లీ పెట్టమని ఏడ్చానట, అది ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లలో నాన్నకు ఏ పాటలిష్టమో నేను ఇంతసేపు ఎప్పుడూ కూర్చుని అడగలేదు. ఆ పాటలన్నీ కలిపి 1 జీబీ. కార్డు రీడర్‌లో రెండు నిమిషాల్లోపే ఎక్కేశాయి. స్లో సమస్యకు అన్నిటికంటే మంచి పరిష్కారం అదే. అక్కర్లేనిది ఎక్కించకపోవడం.

పెదనాన్న ఫైళ్లను ఎంపీత్రీగా మార్చాను. 450 ఎంబీ ఉన్నది 128 కేబీపీఎస్‌లో 43 ఎంబీకి వచ్చింది. పాత క్యాసెట్ రికార్డింగ్‌కి అది ధారాళంగా చాలు. అసలు వేవ్ ఫైళ్లు మాత్రం ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి క్లౌడ్‌లో. ఆఫీసులో ఎవరివో లెక్కలకు మూడు కాపీలు ఉంచుతాం. మా పెదనాన్న గొంతుకు ఒక్కటే ఉంచాను.

ఇంకో చిన్న సంగతి కూడా తెలిసింది. ఇలాంటి ప్లేయర్లు చాలావరకు పాటలను అక్షరక్రమంలో పాడవు. కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు. అందుకని ఫోల్డర్లను ఒక్కొక్కటిగా, నాన్న చెప్పిన వరసలో ఎక్కించాను. ప్రతి ఫోల్డర్‌లో మొదటి పాటకు ముందు అమ్మ చేత రెండు మాటలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాను. "ఇవి ఘంటసాల పాటలు." "ఇవి భక్తి పాటలు." నాటకం ఫోల్డర్‌కి వచ్చేసరికి "ఇది మీ అన్నయ్యగారి హరిశ్చంద్ర, సౌండ్ తగ్గించి పెట్టుకోండి, నాకు నిద్ర" అంది. అలాగే ఉంచేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ పదకొండు నిమిషాల ఫైలు విన్నాం. పెదనాన్న పద్యం ఎత్తుకున్నారు. రాగం తీస్తుండగా ఆగిపోయింది. గరగర వచ్చిన చోట నేను కత్తిరించేశాను. గదిలో ఫ్యాన్ చప్పుడు మాత్రం మిగిలింది.

నాన్న నెమ్మదిగా ఆగిపోయిన చోటు నుంచి పద్యం అందుకున్నారు. ఆయన ఎప్పుడూ వేషం వేయలేదు. అన్నయ్య రిహార్సల్స్‌కి వెళ్లి కూర్చున్న మనిషి, అంతే. గొంతు పెదనాన్నది కాదు, శ్రుతి కూడా అంత లేదు. నేను అడగకుండానే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను. ఒక పద్యం అయింది, రెండోది అయింది, మూడోది మధ్యలో ఆగారు. రెండుసార్లు మొదటి నుంచి అందుకున్నారు. రాలేదు. "అబ్బా, అన్నయ్యయితే…" అని ఊరుకున్నారు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. రికార్డింగ్ ఆపాను.

ఆ ఫైలు సైజు 6 ఎంబీ. పెదనాన్న ఆరో సైడ్ వెనకాలే వచ్చేలా ఎక్కించాను. వేగం ఎంత చూపించిందో గమనించలేదు. కానీ ఎక్కాక తెరిచి, మొదటి నుంచి కుక్కర్ విజిల్ దాకా విని, అప్పుడు కార్డు తీశాను.

రాత్రి రైలెక్కాను. మంగళవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే నాన్న ఫోన్ చేశారు. అమ్మ కలిపి ఇచ్చిందట.

"రాత్రి నిద్ర పట్టలేదమ్మా."

"అయ్యో, ఏమైంది నాన్నా?"

"ఏం కాలా. మీ పెదనాన్నా నేనూ కలిసి కాటి సీను వేశాం."